కొండ లేని చోట కేక

మా నాయనను నేను పడవ ఎక్కించింది సముద్రం చూపిద్దామని కాదు. పారిపోకుండా ఒకచోట కూర్చోబెట్టి ఒక మాట అడుగుదామని. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "ఎంత అదృష్టవంతుడప్పా, కూతురు సముద్రంలో షికారు తిప్పుకొచ్చింది" అని ఇప్పటికీ అంటుంటారు. అననీ. వాళ్ళకేం చెప్తాం.

మాది అర్ధవీడు పక్క, నల్లమల కొండ కిందనే ఉండే ఊరు. నాయన గొర్రెల కాపరి. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి మా ఆయన ఇల్లరికం వచ్చినాడు. మామా అల్లుళ్ళిద్దరూ కలిసే మంద మేపుతారు. నేను ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతా. మా అమ్మ పోయి చానా ఏండ్లయింది. అమ్మ పోయినాక నాయన నాతో మాట్లాడినదానికంటే జీవాలతో మాట్లాడిందే ఎక్కువ. దాని మీద నాకు కోపం లేదంటే అబద్ధం చెప్పినట్టు.

మా పక్క ప్రతి కాపరికీ ఒక కేక ఉంటది. ఒకరిది ఇంకొకరికి రాదు. నాయనది నాలుక మడిచి "ట్ర్ర్ర్" అని మొదలుపెట్టి, "హో...య్" అని చివర్లో పైకి లాగే కేక. పొద్దుగూకే ముందు కొండ కింద నిలబడి ఒకసారి వేస్తే, పోయి కొండకు తగిలి మళ్ళీ వచ్చేది. తాను వేసింది ఒకటి, కొండ వేసింది ఒకటి. ఆ రెండోది వినబడినాకనే జీవాలు కదుల్తాయని ఆయన నమ్మకం. మా ఆయన ఇన్నేండ్లుగా అదే మంద వెంట తిరుగుతున్నాడా, ఆయన కేక వేస్తే అవి తలకాయ ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడతాయి. "మీ నాయన మందలో నేను జీతగాణ్ణే" అని నవ్వుతుంటాడు.

పోయిన ఎండాకాలం నాయన గొంతు బొంగురుపోయింది. బీడీలు తాగితే అట్లనే ఉంటదిలే అనుకున్నాం. మిరియాలు అయినాయి, తేనె అయింది, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం అయింది. మార్కాపురంలో రాయించుకున్న మందులూ అయిపోయినాయి. తగ్గలేదు. చివరికి మద్రాసు తీసకపోతే అక్కడ డాక్టరమ్మ లోపలికి గొట్టం పెట్టి చూసి, గొంతులో మాట పుట్టే చోటే కేన్సరు పట్టిందనింది. అదంతా తీసెయ్యాలంట. మెడ కింద రంధ్రం పెడతారంట, ఇంక ఊపిరి దాంట్లోంచే. తీస్తే బతుకుతాడు, తీయకపోతే ఏడాది కూడా కష్టం.

"మాటంటే అసలుకే రాదా మేడం?" అని అడిగినా.

"చేతిలో పట్టుకునే మిషన్లు ఉన్నాయమ్మా. మెల్లగా నేర్పిస్తాం, కొంత కొంత వస్తది" అని ఆమె ఓపికగానే చెప్పింది.

అంతవరకూ గోడ వైపు చూస్తా కూర్చున్న నాయన, "కేక?" అన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాక నా మొగం చూసింది. గొర్రెల్ని పిలిచే కేక గురించి అడుగుతున్నాడని చెప్పినా. ఆమె రాదన్నట్టు తల ఊపింది. నాయన మళ్ళీ గోడ వైపు తిరిగినాడు.

రాసి చూపిద్దామన్నా కుదరదు మా నాయనకు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు మా మార్కాపురం నించే పోయినాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆయనకు మాత్రం ఒక్క అక్షరం రాదు. చిన్నప్పటి నించీ ఆయన బతుకంతా నోటితోనే నడిచింది.

ఇంటికొచ్చినాక నేను ఆ మాట ఎత్తితే చాలు, కర్ర భుజాన వేసుకొని కొండదారి పట్టేవాడు. "నాయనా, ఒక్క నిమిషం కూర్చో" అనేలోపల మంద లేపిన దుమ్ము తప్ప మనిషి కనపడేవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎంత అరిచినా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆస్పత్రి వాళ్ళేమో, సోమవారం లోపల అవునో కాదో తేల్చి చెప్పండి, తేదీ ఇస్తాం అని ఫోను చేసినారు.

మా కూతురు పాండిచ్చేరిలో ఒక హోటల్లో పని చేస్తది. ఆ హోటలు వాళ్ళకు పాతకాలపు చెక్క తెరచాప పడవ ఒకటుంది. టూరిస్టుల్ని ఎక్కించుకొని ఒడ్డు వెంబడి రెండు రోజులు తిప్పి తీసుకొస్తారు. సీజను కానప్పుడు పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను కూడా రానిస్తారంట. "తాతను తీసుకొని రామ్మా, శని ఆదివారాలు ఖాళీగా ఉంది" అని పిల్ల అడిగింది. పడవలో అయితే ఏ కొండెక్కుతాడో చూస్తా అనుకున్నా. ఇంకేమీ ఆలోచించలేదు.

ఒంగోలు దాకా బస్సు, అక్కణ్ణించి రైలు, మళ్ళీ బస్సు. నేను రెండు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చినా. మా పక్క మనుషులం చుట్టాలింటికి పోయినా మా నీళ్ళు మేం మోసుకొని పోతాం, నోటికి ఏ ఊరి నీళ్ళు ఎట్లుంటాయో తెలీదు కదా. రేవులో నన్ను చూసి మా కూతురు తల కొట్టుకుంది. "సముద్రం మీదికి నీళ్ళు మోసుకొచ్చినావేందమ్మా! పడవలో అన్నీ ఉంటాయి" అనింది. "నీ పడవ నీళ్ళు నువ్వే తాగు" అన్నా. ఆ పిల్లకు డ్యూటీ ఉంది, మమ్మల్ని ఎక్కించి పోయింది.

పడవంటే నేను మోటారు బోటు అనుకున్నా. అది కాదు. టేకు చెక్కతో ఎప్పుడో తాతల కాలంలో కట్టింది, నూనె పెట్టి తుడిచి తుడిచి బెల్లం రంగు వచ్చింది. రెండు పెద్ద కొయ్యలు నిలువునా ఉన్నాయి, వాటికి తెరచాపలు, ఎక్కడ చూసినా మోకులు. హోటలు వాళ్ళు దాన్ని యాట్ అంటారు. నడిపేది ఒక సరంగు, నాయన కంటే కొంచెం చిన్నవాడు, ఆయనకు తోడు ఆయన బావమరిది. సరంగు తాతలు తెలుగువాళ్ళంట, తమిళం యాసలో తెలుగు మాట్లాడతాడు. ప్రయాణికులం మేమిద్దరమే.

నాయన చెప్పులు రేవులోనే విడిచి, పడవ అంచు ముట్టుకొని కళ్ళకద్దుకొని ఎక్కినాడు. చంకన గొంగడి, చేతిలో కర్ర.

"పెద్దాయనా, కర్ర ఎందుకూ? ఇక్కడ తోడేళ్ళు లేవే" అని సరంగు నవ్వినాడు.

"కర్ర లేకపోతే చెయ్యి ఊరుకోదన్నా" అని నాయన బొంగురు గొంతుతో అన్నాడు. నేను కిందికి దూకి ఆయన చెప్పులు తెచ్చి సంచిలో పెట్టుకున్నా.

రేవు దాటడానికి మాత్రం చిన్న మోటారు ఉంది, దాటినాక దాన్ని ఆపేసినారు. ఇద్దరూ మోకులు లాగితే తెరచాప లేచింది, గాలి పట్టింది, పడవ ఒక పక్కకు ఒరిగింది. "ఓరి నాయనో!" అని నేను కొయ్యను కావలించుకున్నా. మా నాయన మాత్రం కాళ్ళు ఎడంగా పెట్టి, కర్ర ఊతంగా ఆనించి, వానాకాలం వాగులో నిలబడినట్టు నిలబడినాడు. నా అవతారం చూసి నవ్వినాడు కూడా. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. నవ్వితే నవ్వినాడులే, అందుకైనా ఒరగనీ అనుకున్నా.

ఒడ్డు వెంబడి పోతున్నాం. కొబ్బరిచెట్లు, జాలర్ల గుడిసెలు, ఇసక మీద ఆరేసిన వలలు సన్నగా కనపడుతున్నాయి. నాయన చానాసేపు నీళ్ళనే చూసినాడు.

"ఇంత నీళ్ళుండి, ఒక్క గుక్క పనికిరాదంటనే" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఇంత బయలుండాది. ఒక్క జీవం లేదే" అన్నాడు.

సరంగు చుక్కాని దగ్గర, బావమరిది ముందర కొయ్య దగ్గర. ఆ గాలికి ఈ కొస నించి ఆ కొసకు మాట వినపడదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే మోకు బిగించాలి, అరచెయ్యి కిందికి చూపిస్తే వదలాలి. పొద్దున నించి మధ్యాహ్నం దాకా వాళ్ళ మధ్య నోటి మాట లేదు. ఇంక నేనెందుకు ఊరుకుంటాను, సందు దొరికింది కదా.

"చూస్తివా నాయనా, నోరు లేకుండానే ఇంత పడవ నడుస్తుండాది. మాట లేకపోతే ఏం పుట్టి మునిగింది?" అన్నా.

నాయన నా వైపు తిరగలేదు. "తెరచాప గుడ్డకు చెవులుండవమ్మే. నా జీవాలకుండాయి" అన్నాడు.

ఏదో గెలిచేద్దామని అంటే ఎక్కడో గుచ్చుకుంది. ఆయన గొంగడి పరుచుకొని ముందు వైపు పోయి కూర్చున్నాడు. పడవలో అంతకంటే దూరం పోవడానికి లేదు, ఉంటే పోయేవాడే. ఆ పూటంతా నేను మళ్ళీ అడగలేదు. పొద్దుగూకే యాళకు, ఏరు సముద్రంలో కలిసే ఒక ఏటిమొగలో లంగరు వేసినారు. సరంగు చేపల పులుసు వండినాడు. నాయన ముల్లు తీసుకోవడం చేతకాక, పులుసు పోసుకొని అన్నం తిన్నాడు. మింగేటప్పుడు నొప్పికి కళ్ళు మూసుకుంటున్నాడు, నేను చూడట్లేదనుకొని.

తెల్లారి గాలి బాగుందని సరంగు పడవను ఇంకా లోపలికి తీసకపోయినాడు. ఒడ్డు చిన్న గీత మాదిరి మిగిలింది. మూడు దిక్కులా నీళ్ళు తప్ప ఏమీ లేదు. సాయంత్రానికి రేవుకు చేరతాం, పొద్దున్నే ఆస్పత్రికి చెప్పాలి. ఇంక నాకు ఓపిక లేకపోయింది. పోయి ఆయన ఎదురుగా కూర్చున్నా.

"రేపు నేనేం చెప్పాలి నాయనా?"

ఆయన కర్ర కొనతో చెక్కను గీకుతున్నాడు.

"నిన్నే అడిగేది. జీవాల కోసం ప్రాణం తీసుకుంటావా? వాటిని మా ఆయన చూసుకుంటాడు. అమ్మితే అమ్ముదాం. నీ కేక నాకక్కర లేదు. నువ్వు కావాలి. అమ్మ పోయినప్పుడు ఏడ్చినా, మళ్ళీ నీ కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు." చెప్తా చెప్తానే ఏడుపొచ్చేసింది. ముక్కు చీదుకుంటా పోట్లాడుతున్నా. సరంగు ఇటు చూసి, తల తిప్పుకున్నాడు.

"నేను వేరే, నా కేక వేరే అనుకుంటివా?" అన్నాడు నాయన మెల్లగా. కోపంగా కాదు. తెలీక అడిగినట్టే అడిగినాడు.

"వేరే కాకపోతే వేరే చేసుకో" అన్నా మొండిగా.

ఆయన లేచినాడు. కర్ర నా పక్కన పడేసి, పడవ ముందరి కొనకు పోయి, మోకు పట్టుకొని నిలబడినాడు. పడతాడేమోనని నేను వెనకనే పోయినా. రెండో చెయ్యి నోటి పక్కన పెట్టుకొని, గొంతంతా పోసి కేక వేసినాడు. "ట్ర్ర్ర్... హో...య్!" అది ముందటి కేక కాదు. మధ్యలో చీలింది, రాపిడి పెట్టింది. అయినా చివర్న పైకి లేచింది. ఏమైందోనని సరంగు బావమరిది మోకు వదిలేసి పరుగెత్తుకొచ్చినాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపినా. నా ఫోనులో పట్టుకుందామని నొక్కినా గానీ, తర్వాత వింటే అందులో గాలి తప్ప ఏమీ పడలేదు.

కేక వేసి నాయన కదలకుండా నిలబడినాడు. మొదట నాకు అర్థం కాలేదు. తల కొంచెం పక్కకు వంచి, కనుబొమలు ముడేసి, ఏదో వినడానికి చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది. కొండ మళ్ళీ పిలుస్తదని ఎదురుచూస్తున్నాడు. పుట్టినప్పటి నించీ ఆయన వేసిన ప్రతి కేకా ఆయన దగ్గరికి వచ్చింది. రాకుండా ఉంటదని ఆయనకు తోచనే లేదు. అక్కడ ఏ కొండ ఉందని వస్తది! తెరచాప పటపటమంటున్నది, నీళ్ళు చెక్కను కొడుతున్నాయి, అంతే. ఆయన అట్లనే నిలబడినాడు.

చానాసేపటికి వెనక్కి తిరిగినాడు. మొగం రాయి మాదిరి ఉంది. కన్నీళ్ళేమీ లేవు.

"ఇట్లుంటదన్నమాట" అన్నాడు.

వచ్చి గొంగడి మీద కూర్చున్నాడు. కర్ర చేతిలోకి తీసుకోలేదు.

"చెప్పమ్మా వాళ్ళకు. కోయించుకుంటా అని చెప్పు."

నాకు సంతోషం రావాల. దానికోసమే కదా ఇంత దూరం ఈడ్చుకొచ్చింది. "మనస్ఫూర్తిగానేనా నాయనా?" అని పిచ్చిదాని మాదిరి అడిగినా.

"నా మనసుతో ఏం పని? నువ్వు ఏడుస్తుంటివి కదా" అన్నాడు. అని నా చెయ్యి పట్టుకొని, "ఆ నీళ్ళ క్యాను ఇట్ల తే, మన ఊరి నీళ్ళు తాగుదాం" అన్నాడు. ఇద్దరం తాగినాం.

ఆపరేషను బాగా అయిందన్నారు. రోగమంతా తీసేసినామన్నారు. మాట్లాడే మిషను ఇచ్చినారు, నాయన దాన్ని ఒకసారి గొంతుకు ఆనించుకొని, దాని గరగర విని, పక్కన పెట్టేసినాడు. మళ్ళీ ముట్టుకోలేదు. మేం కూడా బలవంతం చేయలేదు. చేతులతో, కళ్ళతో చెప్తాడు. నాకు సగం అర్థమైతది. అర్థం కానప్పుడు అర్థమైనట్టు తల ఊపుతా, అది ఆయనకు తెలుస్తది.

ఊరికొచ్చినాక కొన్నాళ్ళు మంచం మీదనే ఉన్నాడు. ఒక పొద్దున తానే లేచి, మెడకు పల్చటి గుడ్డ చుట్టుకొని, కర్ర పట్టుకొని దొడ్డి దగ్గరికి పోయినాడు. మా ఆయన మందను బయటికి తోలుతున్నాడు. నేనూ వెనకనే పోయినా. పిలవకపోతే జీవాలు గుర్తుపట్టవేమోనని ఆయన భయపడినాడని నాకు తెలుసు. పట్టినాయి. గుర్తుపట్టకుండా ఎట్లుంటాయి! ఒకదాన్నొకటి తోసుకుంటా వచ్చి చుట్టుకున్నాయి, చేతులు నాకినాయి, పంచె లాగినాయి. నాయన రెండు చేతులతోనూ వాటి తలలు నిమురుతా ఉన్నాడు. మా ఆయన నా వైపు చూసి నవ్వినాడు. నేనూ నవ్వినా.

ఆ తర్వాత అవి ఒక్కొక్కటే నెమ్మదించి, తలలెత్తి నిలబడినాయి. నాయన మొగం వైపే చూస్తున్నాయి. కేక కోసం చూస్తున్నాయి. మా ఆయన వెనక నించి తన కేక వేసినాడు. ఒక్కటీ కదల్లేదు. మళ్ళీ వేసినాడు, కట్టెతో అదిలించినాడు. పక్కకు జరిగి మళ్ళీ నాయన దగ్గరికే వచ్చినాయి. నాయన నోరు తెరిచినాడు. మెడ కింద గుడ్డ ఊగింది, బుస్సుమని గాలి వచ్చింది, అంతే. కర్రతో నేల మీద కొట్టినాడు. చెయ్యి ఊపినాడు. అవి చూస్తానే ఉన్నాయి.

ఎండ ఎక్కుతున్నది. మా ఆయన దగ్గరికొచ్చి, తల వంచుకొని, "మామా, నువ్వు కొంచేపు లోపలికి పో. నువ్వు కనపడుతుంటే ఇవి నాతో రావు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత నలిగిపోయినాడో నాకు తెలుసు. నాయన ఆయన భుజం తట్టి, ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపు అరిచి, వెతుక్కొని, మంద మా ఆయన వెంట కదిలింది.

అప్పటి నించీ అదే వరస. రోజూ పొద్దున దొడ్డి తడిక తీసే చప్పుడు వినపడగానే నాయన చేతిలో టీ గ్లాసు ఉన్నా కింద పెట్టేసి లోపలికి పోతాడు. తలుపు దగ్గరికి వేసుకొని, గోడకు ఆనుకొని, జీవాలు ఇంటి ముందర నించి పోయేదాకా చీకట్లో నిలబడతాడు. బతికినాడు. ఏడాది కూడా కష్టమన్న మనిషి నా కళ్ళ ముందర తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు. నేను కుట్టుమిషను ఆపి, లేచిపోయి తలుపు మీద మెల్లగా కొట్టి చెప్తా.

"పోయినాయి నాయనా. ఇంక రా."